పూడ్చిన చెరువులో పైల్ ఫౌండేషన్: చుట్టూ ఉన్న మట్టి మోస్తుందా, కిందికి లాగుతుందా?

నమస్తే అండి. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. భీమవరం దగ్గర చేపల చెరువు పూడ్చిన స్థలం. పాత పొలం మట్టానికి పైన ఇంకో రెండు మీటర్లు మట్టి తోలి మెరక చేశారు. మెరక చేసి ఏడాదే అయింది. గ్రౌండ్ ఫ్లోర్ మీద మూడంతస్తులు కట్టాలనుకుంటున్నారు. పక్క స్థలంలో 450 మి.మీ. వ్యాసం ఉన్న, నేలలో బోర్ వేసి కాంక్రీటు పోసే బోర్డ్ పైల్స్‌ను 13 మీటర్లు దింపి, ఒక్కోదానికి 24 టన్నులు లెక్క వేశారు, లోడ్ టెస్ట్ కూడా పాసైంది. "అదే సైజు, అదే లోతు, అదే మట్టి, కాబట్టి మనకూ 24 టన్నులే" అని మీ కాంట్రాక్టర్ అంటున్నారు. పక్కవాళ్లది మెరక చేయని పాత పొలం. మీ స్థలంలో సాయిల్ టెస్ట్ కోసం 10 మీటర్ల బోర్ ఒక్కటే వేశారు. పక్కవాళ్ల లెక్కే మనమూ వాడొచ్చా అని అడిగారు.

వాడకూడదు. కింద ఉన్నది అచ్చంగా అదే మట్టి అయినా సరే, వాడకూడదు. ఈ ఒక్క ముక్కతో మీరు కాంట్రాక్టర్‌ను ఒప్పించలేరు కాబట్టి కారణం అంకెలతో సహా రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం. పైల్‌కు సొంతంగా ఇన్ని టన్నుల కెపాసిటీ అని ఏదీ ఉండదు. 450 మి.మీ. పైల్‌ను ఎం25 కాంక్రీటుతో పోస్తే కాంక్రీటు వరకు సుమారు 95 టన్నులు భరిస్తుంది. మనం మాత్రం 24 దగ్గరే ఆగుతున్నాం. మిగతా 70 టన్నులకు అడ్డు పడుతున్నది మట్టే. మన డెల్టా నేలల్లో ఎప్పుడూ ఇంతే, కాంక్రీటు కన్నా ముందు మట్టి చేతులెత్తేస్తుంది. అందుకే పైల్ డిజైన్ అంటే ముందు మట్టి లెక్క, ఆ తర్వాతే స్టీలు, కాంక్రీటు.

మట్టి పైల్‌ను రెండు చోట్ల పట్టుకుంటుంది. ఒకటి పొడవునా చుట్టూ ఉండే రాపిడి, సైట్‌లో స్కిన్ ఫ్రిక్షన్ అంటారు. రెండోది అడుగున ఆనుకునే బలం, ఎండ్ బేరింగ్. బంకమట్టిలో ఈ రెండూ ఒకే గుణం మీద ఆధారపడతాయి. అది మట్టి కొహెషన్, అంటే కణాలు ఒకదాన్నొకటి పట్టుకునే బలం.

లెక్క కోసం డెల్టాలో తరచుగా కనిపించే తరహా పొరలు తీసుకుందాం. మీ స్థలంలో సరిగ్గా ఇవే అంకెలు ఉంటాయని కాదు, లెక్క నడిచే తీరు చూడండి. పాత పొలం మట్టం నుంచి 8 మీటర్ల దాకా మెత్తని నల్ల బంకమట్టి, కొహెషన్ చదరపు మీటరుకు 1.5 టన్నులు. దాని కింద గట్టి బంకమట్టి, కొహెషన్ 10 టన్నులు. పైల్ 13 మీటర్లు, అంటే గట్టి పొరలోకి 5 మీటర్లు దిగింది. 450 మి.మీ. పైల్ చుట్టుకొలత 1.41 మీటర్లు, అడుగు వైశాల్యం 0.159 చదరపు మీటర్లు.

మెత్తని పొరలో రాపిడి 1.41 × 8 × 1.5, సుమారు 17 టన్నులు. గట్టి పొరలో కొహెషన్ మొత్తం రాపిడిగా మారదు, దాన్ని ఒక గుణకంతో తగ్గించాలి. ఇక్కడ 0.4 వేద్దాం. 1.41 × 5 × 10 × 0.4, సుమారు 28 టన్నులు. అడుగున, బంకమట్టికి వాడే 9 అనే గుణకంతో, 9 × 10 × 0.159, సుమారు 14 టన్నులు. మొత్తం 59 టన్నులు. పైల్ ఫౌండేషన్లకు మన దేశపు కోడ్ అయిన ఐఎస్ 2911 ప్రకారం ఇలాంటి లెక్కకు 2.5 సేఫ్టీ ఫ్యాక్టర్ వేస్తే, అంటే భద్రత కోసం 2.5తో భాగిస్తే, దాదాపు 24 టన్నులు. పక్కవాళ్ల అంకె ఇలాగే వచ్చి ఉంటుంది. వాళ్ల స్థలానికి అది సబబైన అంకె.

గుణకం గురించి ఒక మాట, ఎందుకంటే చాలామంది దీన్ని టేబుల్ చూసి వేసేసి ముందుకు పోతారు. మెత్తని బంకమట్టిలో ఇది 1కి దగ్గరగా ఉంటుంది, మట్టి గట్టిపడేకొద్దీ తగ్గుతుంది. గట్టి మట్టి ఇంకా బాగా పట్టుకోవాలి కదా అనిపిస్తుంది. అయితే బోర్ వేస్తున్నప్పుడు గట్టి మట్టి గోడ మీద ఒత్తిడి తొలగిపోతుంది, గోడ మెత్తబడుతుంది, తడి కాంక్రీటులోని నీళ్లు కూడా కొంత పీల్చుకుంటుంది. లోపలి మట్టి గట్టిగానే ఉన్నా పైల్‌కు తగిలే పలుచని పొర బలహీనమవుతుంది. లండన్ బంకమట్టిలో బోర్డ్ పైల్స్ మీద జరిగిన లోడ్ టెస్టులను బ్రిటిష్ ఇంజనీర్ స్కెంప్టన్ 1959లో విశ్లేషించి 0.45 దగ్గర అంకె ఇచ్చారు. ఇవాళ్టికీ ఇంజనీర్లు గట్టి బంకమట్టికి ఆ చుట్టుపక్కలే వాడుతున్నారు. మట్టి అదే అయినా, బోర్ వేసిన తీరును బట్టి, కాంక్రీటు పోయకుండా ఎంతసేపు వదిలేశారన్న దాన్ని బట్టి రాపిడి మారుతుంది. సాయంత్రం బోర్ పూర్తి చేసి, మర్నాడు కాంక్రీటు పోస్తామంటే ఒప్పుకోకండి.

ఇక మీ స్థలానికి వద్దాం.

రెండు మీటర్ల మెరక అంటే నేల మీద చదరపు మీటరుకు సుమారు 3.6 టన్నుల కొత్త బరువు. ఇది ఇంటి బరువు కాదు, కేవలం మట్టి బరువు. స్థలం మొత్తం పరుచుకుని ఉంటుంది కాబట్టి దాని ఒత్తిడి కింది దాకా పెద్దగా తగ్గకుండా దిగుతుంది. మెత్తని బంకమట్టి నీళ్లు నిండిన స్పాంజి లాంటిది. పైన బరువు పడగానే నొక్కుకోదు, నీళ్లు బయటికి పోయినకొద్దీ నొక్కుకుంటుంది. బంకమట్టిలో నీటి దారులు అతి సన్ననివి కాబట్టి ఇది ఏళ్ల తరబడి సాగుతుంది. 8 మీటర్ల పొరలో నీళ్లు పైకీ కిందికీ రెండు వైపులా పోగలిగినా, కన్సాలిడేషన్ గుణకం (ఇలా నీళ్లు పోయి మట్టి నొక్కుకునే వేగాన్ని చెప్పే అంకె) ఏడాదికి ఒక చదరపు మీటరు ఉన్న మట్టిలో 90 శాతం దిగుబాటుకు 13, 14 ఏళ్లు పడుతుంది. ఒకవైపే దారి ఉంటే దానికి నాలుగు రెట్లు. దిగే ఎత్తు కూడా తక్కువేమీ కాదు. ఇంత మెత్తని పొర మీద ఇంత బరువు పడితే అర మీటరు దాటినా నేను ఆశ్చర్యపోను. "మెరక చేసి ఏడాదైంది, సెట్ అయిపోయింది" అని మీకు చెబుతున్నవాళ్లు తోలిన మట్టి పైపైన గట్టిపడటాన్ని చూస్తున్నారు. దిగాల్సింది దాని కింద ఉంది.

ఇప్పుడు ఆ దిగుతున్న మట్టి మధ్యలో కదలకుండా నిలబడ్డ పైల్‌ను ఊహించండి. పైల్ అడుగు గట్టి పొరలో ఉంది, అది దిగట్లేదు. చుట్టూ ఉన్న మట్టి దిగుతోంది. రాపిడి దిశ తిరగబడుతుంది. పక్క స్థలంలో పైల్‌ను పైకి పట్టుకున్న ఆ 17 టన్నులు మీ స్థలంలో పైల్‌ను కిందికి లాగుతాయి. దీన్నే నెగటివ్ స్కిన్ ఫ్రిక్షన్ అంటారు. ఇది రావడానికి మట్టి పైల్ కన్నా 5 నుంచి 10 మిల్లీమీటర్లు ఎక్కువ దిగితే చాలు. మీ దగ్గర దిగబోయేది దానికి ఎన్నో రెట్లు.

లెక్క మళ్లీ వేద్దాం. మోసేవి గట్టి పొర రాపిడి 28, అడుగు 14, కలిపి 42 టన్నులు. అందులో లాగే 17 తీసేస్తే 25. దాన్ని 2.5తో భాగిస్తే 10 టన్నులు. కొందరు డిజైనర్లు ఇంకా జాగ్రత్తగా, ముందు 42ను 2.5తో భాగించి, వచ్చిన దాంట్లోంచి లాగే 17 పూర్తిగా తీసేస్తారు. ఆ పద్ధతిలో ఇంటి బరువుకు మిగిలేది దాదాపు సున్నా.

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది, దీన్ని కాంట్రాక్టర్‌ను తప్పకుండా అడగండి. 13 మీటర్లు ఎక్కడి నుంచి కొలుస్తున్నారు? మెరక పైమట్టం నుంచి కొలిస్తే మీ పైల్ రెండు మీటర్ల మెరకలో, 8 మీటర్ల మెత్తని పొరలో ఉండి, గట్టి పొరలోకి మూడు మీటర్లే దిగుతుంది. 28 టన్నుల రాపిడి 17కు పడిపోతుంది. అడుగు 14తో కలిపి 31, లాగుడు 17 పోతే 14, సేఫ్టీ ఫ్యాక్టర్ వేస్తే 6 టన్నులకు లోపు. మెరక మట్టి కూడా పైల్‌ను పట్టుకుని దిగుతుంది, దాన్ని నేను ఇంకా కలపలేదు. పక్కవాళ్ల 24 టన్నుల పైల్, అదే సైజు, అదే పొడవు, మీ స్థలంలో దాంట్లో నాలుగో వంతు కూడా రాలేదు.

"వాళ్లు లోడ్ టెస్ట్ చేశారు, మనమూ చేద్దాం, పాసైతే సరిపోతుంది కదా" అని మీరు రాశారు. టెస్ట్ తప్పకుండా చేయించండి, అయితే మీ స్థలంలో అది ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో ముందే తెలుసుకోండి. టెస్ట్‌లో జాకీతో పైల్‌ను కిందికి నొక్కుతాం. అంటే మట్టి కన్నా పైల్ ఎక్కువ దిగుతుంది, పైనున్న మెత్తని పొర కూడా పైల్‌ను పైకే పట్టుకుంటుంది. టెస్ట్ ఒకటి రెండు రోజుల పని, మట్టి దిగడం ఏళ్ల పని. మీ పైల్ టెస్ట్‌లో చక్కగా పాసవుతుంది, కొన్నేళ్లకు ఇబ్బంది పడుతుంది. అందుకే మెరక స్థలంలో టెస్ట్ ఫలితం వచ్చాక అందులోంచి మెత్తని పొర ఇచ్చిన 17 ముందు తీసేయాలి, తర్వాత అదే 17 లాగుడుగా ఇంకోసారి తీసేయాలి. మెరక మీది టెస్ట్ రిపోర్టుల్లో నేను ముందు వెతికేది ఈ సవరణే, చాలా వాటిలో అది కనిపించదు. వీలైతే టెస్ట్ పైల్‌కు మెత్తని పొర దాకా విడిగా లైనర్ (గొట్టం లాంటి తొడుగు) పెట్టి, పైల్‌కూ మట్టికీ సంబంధం లేకుండా చేయించండి. అప్పుడు కింది పొర ఒక్కటే ఎంత మోస్తుందో నేరుగా తెలుస్తుంది.

న్యాయంగా చెప్పాలంటే ఇందులో ఒక వాదన ఉంది. పైల్ అడుగు దిగడం మొదలైతే లాగుడు తగ్గుతుంది, ఇంకా దిగితే రాపిడి తిరిగి పైకి మారుతుంది, కాబట్టి నెగటివ్ ఫ్రిక్షన్‌తో పైల్ ఒక్కసారిగా ఫెయిల్ కాదు, ఇది ప్రధానంగా దిగుబాటు సమస్య అంటారు కొందరు. అది నిజమే. కానీ మన ఇళ్లకు దిగుబాటే అసలు సమస్య. చెరువు పూడ్చిన స్థలంలో మెరక మందం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. గట్టు ఉన్న చోట మట్టి ఏళ్ల తరబడి ఆ బరువు కింద నొక్కుకుని ఉంటుంది, చెరువు నడిమి భాగంలో అలా ఉండదు. ఇల్లు సగం గట్టు మీద, సగం చెరువు మీద పడితే ఒక వైపు పైల్స్ తక్కువ దిగి, ఇంకో వైపువి ఎక్కువ దిగుతాయి. బీమ్‌లు పగిలేది ఆ తేడాకే. మీ స్థలంలో పాత గట్లు ఎక్కడ ఉండేవో ఊళ్లో పెద్దవాళ్లను అడిగి, ప్లాన్ మీద గీసి డిజైనర్‌కు ఇవ్వండి. పూడ్చే ముందు చెరువు అడుగు బురద తీశారా, బురద మీదే మట్టి తోలేశారా అన్నది కూడా కనుక్కోండి. బురద అలాగే ఉండిపోతే అది అన్నిటికన్నా మెత్తని పొర. మీకు కాస్త అనుకూలమైన సంగతి కూడా ఉంది. చెరువు తవ్వినప్పుడు తీసిన లోతు మేరకు పోసిన మట్టి పాత బరువును తిరిగి పెట్టడమే, కొత్త బరువు కాదు. కొత్తది పొలం మట్టానికి పైన తోలిన రెండు మీటర్లే.

పైల్ నిలబడి చుట్టూ నేల దిగిపోతే ఏమవుతుందో చూడాలంటే మెక్సికో సిటీలోని ఏంజెల్ ఆఫ్ ఇండిపెండెన్స్ స్తంభం ఉంది. 1910లో కట్టారు. పాత సరస్సు అడుగు మీద ఉన్న నగరం అది, భూగర్భజలం తోడేకొద్దీ బంకమట్టి నొక్కుకుంటూ వస్తోంది. లోతైన పునాది మీద ఉన్న స్తంభం నిలబడింది, చుట్టూ రోడ్డు దిగింది. దిగిన కొద్దీ అడుగున మెట్లు కలుపుతూ వచ్చారు, అలా కలిపినవి 14 మెట్లు. అక్కడ మెరక లేదు, నీళ్లు తోడటమే సరిపోయింది. మన వైపు బోర్లతో నీటిమట్టం పడిపోయే చోట్ల కూడా ఇదే జరగగలదు.

దీనికి ఎదురు కథ శాన్ ఫ్రాన్సిస్కోలోని మిలీనియం టవర్. 58 అంతస్తులు, 2009లో తెరిచారు. పైల్స్ అన్నీ గట్టి ఇసుక పొరలో ఆపారు. విడిగా చూస్తే ఒక్కో పైల్ కెపాసిటీ లోపమేమీ లేదు. ఆ ఇసుక కింద మందమైన పాత బంకమట్టి ఉంది. వందల పైల్స్ కలిసి ఒకే పెద్ద దిమ్మలా ఆ బరువునంతా బంకమట్టి మీదికి దింపాయి. 2016 నాటికి భవనం 40 సెంటీమీటర్ల దాకా కుంగి, ఒక పక్కకు ఒరిగింది. తర్వాత రెండు వైపుల రాతి దాకా కొత్త పైల్స్ దింపి బలపరచాల్సి వచ్చింది. చుట్టూ ఉన్న మట్టి అంటే పైల్‌ను తాకే మట్టి మాత్రమే కాదు, అడుగు కింద ఉన్నది కూడా లెక్కలోకే వస్తుంది. బోర్‌హోల్ పైల్ అడుగు దాకా వేసి ఆపేస్తే ఈ సంగతి బయటపడదు. పైల్స్ మధ్య దూరం కూడా ఇక్కడే పనిచేస్తుంది. రాపిడితో మోసే పైల్స్‌కు మధ్యనుంచి మధ్యకు కనీసం మూడు వ్యాసాల దూరం ఇవ్వమని ఐఎస్ 2911 చెప్పేది అందుకే. 450 పైల్స్ మధ్య 1.35 మీటర్లు. స్థలం ఆదా అని దగ్గర దగ్గరగా వేస్తే నాలుగు పైల్స్ చుట్టూ ఉన్న మట్టి ఒకే ముద్దగా కదులుతుంది, విడివిడి కెపాసిటీలు కూడుకుంటే వచ్చే అంకె రాదు.

డెల్టాలో కొన్నిచోట్ల బంకమట్టి కింద ఇసుక తగులుతుంది. ఇసుకలో లెక్క వేరు. అక్కడ రాపిడి పైనున్న మట్టి ఒత్తిడిని బట్టి వస్తుంది, లోతుతో పాటు పెరుగుతుంది. ఆ పెరుగుదలను వ్యాసానికి 15 నుంచి 20 రెట్ల లోతు దగ్గర ఆపేయమని కోడ్ చెబుతుంది. ప్రీకాస్ట్ పైల్‌ను కొట్టి దింపితే చుట్టూ ఇసుక బిగుసుకుంటుంది. బోర్ వేస్తే వదులవుతుంది. ఒకే ఇసుకలో ఈ రెండు పైల్స్ ఒకే బరువు మోయవు. అడుగున వదులు ఇసుక, బోర్ గోడ కూలకుండా నింపే బెంటోనైట్ మడ్డి మిగిలిపోతే ఎండ్ బేరింగ్ కాగితం మీదే ఉంటుంది. కాంక్రీటు పోయడానికి కాస్త ముందు ఫ్లషింగ్ (అడుగు మడ్డిని కడిగి తీయడం) మళ్లీ చేయించి, లోతు మళ్లీ కొలిపించండి. బోర్ అయిన వెంటనే కొలిచిన లోతుకూ దీనికీ తేడా ఉంటే అంత మడ్డి కూర్చున్నట్టే.

మీరు ఇప్పుడు చేయాల్సిన పని సాయిల్ టెస్ట్ మళ్లీ చేయించడం. 10 మీటర్ల ఒక్క బోర్ మీకు పనికిరాదు, అది మెరక, మెత్తని పొర దాటగానే ఆగిపోయింది. కనీసం రెండు బోర్లు వేయించండి, ఒకటి పాత చెరువు నడిమి భాగంలో, ఒకటి గట్టు వైపు. గట్టి పొర తగలగానే ఆపవద్దు, పైల్ అడుగు వచ్చే చోటికి కింద ఇంకా చాలా మీటర్లు పోవాలి. మీ ఇంటికి 25 మీటర్ల దాకా చూడటం మంచిది. మెత్తని బంకమట్టిలో ఎస్‌పీటీ ఎన్ వాల్యూ (గొట్టాన్ని మట్టిలోకి దింపడానికి పట్టే సుత్తి దెబ్బల సంఖ్య) 0, 1, 2 అని వస్తుంది, దాంతో కొహెషన్ తేల్చలేం. మట్టిలో రెక్కలు గుచ్చి తిప్పి దాని బలం కొలిచే వేన్ షియర్ టెస్ట్ అడగండి. చెదరని నమూనా తీసి కన్సాలిడేషన్ టెస్ట్ తప్పనిసరిగా చేయించండి. నేల ఎంత దిగుతుంది, ఎన్నేళ్లు దిగుతుంది అన్నది చెప్పేది అదొక్కటే. మామూలు ఇళ్ల రిపోర్టుల్లో ఖర్చు తగ్గించడానికి ముందు తీసేసేది కూడా దాన్నే.

ఫలితాలు వచ్చాక దారులు కొన్ని ఉన్నాయి. పైల్‌ను గట్టి పొరలోకి ఇంకా లోతుగా దింపడం మొదటిది. మన లెక్కలో ఒక్కో అదనపు మీటరు గట్టి మట్టి దాదాపు 5.6 టన్నుల రాపిడి ఇస్తుంది, పైల్స్ సంఖ్య పెంచడం కన్నా ఇది తరచుగా చవక. మెత్తని పొర మేరకు శాశ్వత లైనర్ వేసి, దాని బయటి వైపు బిటుమెన్ పూత పూస్తే లాగుడు బాగా తగ్గుతుంది. తొందర లేకపోతే బంకమట్టిలోకి నిలువు డ్రెయిన్లు గుచ్చి, మీద ఇంకొంత మట్టి బరువు పెట్టి, దిగాల్సింది ముందే దింపేసి తర్వాత కట్టొచ్చు. నీళ్లు పోయే దూరం సగమైతే పట్టే కాలం నాలుగో వంతు అవుతుంది, డ్రెయిన్లు చేసే పని అదే. మూడంతస్తులకు ఇది పెద్ద ఖర్చు అనిపిస్తే, నాకు ఇంకో సూచన ఉంది. మెరక తగ్గించండి. వరద మట్టానికి పైన ఫ్లోర్ కావాలనే కదా రెండు మీటర్లు తోలారు. ఇల్లు పడే మేరకూ, దాని చుట్టూ కొన్ని మీటర్లూ ఆ మట్టి తీసేసి, గ్రౌండ్ ఫ్లోర్‌ను స్తంభాల మీద స్లాబ్‌గా ఎత్తులో పోయండి. బరువు తీసేస్తే దిగుబాటు చాలావరకు ఆగిపోతుంది, లాగుడు కూడా దాంతో పాటు తగ్గుతుంది. తీసిన మట్టి వేరే చోట పనికొస్తుంది.

మెరక అలాగే ఉంచాలనుకుంటే మాత్రం గ్రౌండ్ ఫ్లోర్‌ను మట్టి మీద ఆనించవద్దు, పైల్స్ మీది బీమ్‌లకే స్లాబ్ వేయించండి. లేకపోతే గోడలు అలాగే నిలబడి, టైల్స్ వేసిన ఫ్లోర్ మాత్రం కిందికి దిగుతుంది. బయటి మెట్లు ఇంటి నుంచి విడిపోతాయి. డ్రైనేజీ పైపు ఇంట్లోంచి బయటికి వచ్చే చోట విరుగుతుంది, ఆ నీళ్లు పునాది చుట్టూ చేరతాయి. ఆ చోట కదలికకు వీలుండే జాయింట్ పెట్టించండి, మెట్లు ఇంటి బీమ్ నుంచే దించండి.

పని జరుగుతున్నప్పుడు రెండు చూసుకుంటే చాలు. బోర్‌లోంచి వచ్చే మట్టిని సాయిల్ రిపోర్టులోని బోర్ లాగ్‌తో పోల్చండి. గట్టి మట్టి రిపోర్టులో చెప్పిన లోతులోనే తగిలిందా, ఎంత లోతు దాకా అందులో దిగారు అన్నది ప్రతి పైల్‌కూ రాయించండి. మొత్తం పొడవు కన్నా గట్టి పొరలో దిగిన పొడవే మీకు ముఖ్యం. రెండోది కాంక్రీటు పరిమాణం. 450 మి.మీ. వ్యాసం, 13 మీటర్ల పొడవుకు లెక్క ప్రకారం 2.07 ఘనపు మీటర్లు. మెత్తని మట్టిలో బోర్ కాస్త ఉబ్బుతుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువే పట్టాలి. తక్కువ పట్టిందంటే ఎక్కడో మెత్తని మట్టి లోపలికి తోసుకొచ్చి పైల్ నడుము సన్నబడిందన్నమాట. ఆ పైల్‌ను లెక్కలోంచి తీసి పక్కన ఇంకోటి వేయించాలి.

కొత్త రిపోర్టు చేతికొచ్చాక మూడు అంకెలు ఇక్కడ రాయండి: మెత్తని పొర మందం, దాని వేన్ షియర్ విలువ, గట్టి పొర మొదలయ్యే లోతు. ఎంత లోతు పైల్ కావాలో, ఒక్కోదానికి ఎన్ని టన్నులు పెట్టొచ్చో మీ ఇంటి కాలమ్ లోడ్లతో కలిపి లెక్క వేసి చెబుతాను.